ఎడారి ఆకు కషాయం... కాలేయానికి గండం

అమెరికా నైరుతి ఎడారుల్లోనూ, ఉత్తర మెక్సికోలోనూ కనుచూపు మేర పరుచుకున్న పొద క్రియోసోట్. జిగురు పూసినట్టు మెరిసే చిన్న ఆకులు, పసుపు పూలు. ఆరిజోనాలో చినుకు పడగానే వచ్చే ఘాటు వాసన దీనిదే. ఎండిన ఆకును ‘చాపరాల్’ పేరిట టీగా, క్యాప్సూళ్లుగా అమ్ముతారు.

అపోహ: తరతరాలుగా వాడుతున్నదే, హాని ఉండదు.

వాస్తవం: తొహోనో ఓఓధమ్ వంటి మూలవాసులు దీన్ని వాడిన మాట నిజం. ఆకుతో కాపడం పెట్టేవారు, గాయాలకు కట్టేవారు, జలుబు చేస్తే కషాయం కాచేవారు. గాయానికి కట్టిన ఆకు వేరు, నెలల తరబడి రోజూ మింగే మాత్ర వేరు. అమెరికా ఆహార, ఔషధ సంస్థ ఎఫ్‌డీఏకు 1992-94 మధ్య చాపరాల్ వాడినవారి గురించి 18 ఫిర్యాదులు అందాయి. వారిలో 13 మందికి కాలేయం దెబ్బతింది. నలుగురికి అది సిర్రోసిస్‌కు దారితీసింది, ఇద్దరికి కాలేయ మార్పిడి తప్పలేదు. లక్షణాలు కొందరిలో మూడు వారాలకే కనిపిస్తే, కొందరిలో ఏడాది పట్టింది. అందుకే, ‘నెల రోజులుగా తాగుతున్నా, ఏమీ కాలేదు’ అన్న ధీమా పనికిరాదు.

అపోహ: ఇందులోని యాంటీ ఆక్సిడెంట్ ఒంటికి మంచిది.

వాస్తవం: ఆ పదార్థం పేరు ఎన్‌డీజీఏ. నూనెలు, కొవ్వులు ముక్కిపోకుండా 1940ల నుంచి ఆహారంలో కలిపేవారు. ఎలుకల మూత్రపిండాల్లో తిత్తులు ఏర్పడుతున్నాయని తేలడంతో 1968లో ఎఫ్‌డీఏ దాన్ని సురక్షిత పదార్థాల జాబితా నుంచి తీసేసింది.

అపోహ: క్యాన్సర్‌ను కరిగిస్తుంది.

వాస్తవం: ఈ ప్రచారానికి ఊతమిచ్చింది ఒకే ఒక్క వృద్ధుడి ఉదంతం. 1960ల చివర్లో ఈ టీ తాగిన ఆయన చర్మ క్యాన్సర్ కణితి తగ్గిందని వైద్యులు నమోదు చేశారు. తర్వాత ఇతర రోగులకు ఇచ్చి చూస్తే చాలామందిలో ఫలితం లేదు. కొందరిలో కణితి పెరిగింది. దీన్ని నమ్ముకుని అసలు చికిత్స మానేయడం ప్రాణాలతో చెలగాటమే.

మన ఇళ్లలోనూ ఈ జాగ్రత్త అవసరం. కొవిడ్ కాలంలో తిప్పతీగ వాడినవారిలో కాలేయ వాపు కేసులను 2021లో ముంబయి వైద్యులు ప్రచురించారు.

ఏ ఆకు మందైనా వాడుతున్నప్పుడు కళ్లు పచ్చబడినా, మూత్రం ముదురు రంగులో వస్తున్నా వెంటనే ఆపేయండి. డాక్టర్ దగ్గరికి ఆ సీసానో పొట్లాన్నో తీసుకెళ్లి చూపించండి.