చేతికి చిన్న పని, మనసుకు చిన్న సంతోషం

"జ్వరం తగ్గింది, కుట్లు మానాయి. అయినా ఏమీ చేయబుద్ధి కావడం లేదు డాక్టరుగారూ." వార్డులో రోగులను చూస్తున్నప్పుడు ఈ మాట మేము తరచుగా వింటుంటాము. చాలాకాలంగా జబ్బుతో ఉన్నవారు, మంచాన పడ్డ పెద్దవారికి సేవ చేసి అలసిపోయిన ఆడవారు ఎక్కువగా ఇలా అంటారు. "మనసు బాగుంటే అప్పుడు చేస్తాను" అని కూడా అంటారు. కాని ముందు పని మొదలుపెడితేనే మనసు మెల్లగా తేరుకుంటుంది.

ఎందుకు ఇలా జరుగుతుంది?

దిగులుగా ఉన్న మనిషి ఇష్టమైన పనులు ఒక్కొక్కటే మానుకుంటాడు. మానుకున్నకొద్దీ సంతోషించే సందర్భాలు తగ్గి దిగులు పెరుగుతుంది. అందుకే రోజూ ఒక వేళ పెట్టి, చిన్నదైనా ఇష్టమైన పని చేయించడం డిప్రెషన్ చికిత్సలో ఒక భాగం. సంగీతం, చేతిపనులు వంటి కళలు ఆరోగ్యానికి తోడ్పడతాయని 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రచురించిన నివేదిక కూడా చెబుతోంది. అందులో 3,000కు పైగా అధ్యయనాలను పరిశీలించారు.

లేసు అల్లికనే చూడండి

నర్సాపురం ప్రాంతంలో 19వ శతాబ్దంలో మిషనరీలు లేసు అల్లిక నేర్పారు. ఈ లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు లభించింది. కూలి కోసం అల్లేవారికి అది కష్టమైన పనే. మన సరదా కోసం అల్లుకుంటే మాత్రం తొందర ఉండదు. ఒక సూది, ఒక దారపు ఉండ చాలు. కుట్లు లెక్కపెడుతున్నంతసేపు మనసు వేరే చింతల మీదికి అంతగా పోదు. తప్పు పడితే విప్పి మళ్ళీ అల్లుకోవచ్చు.

అల్లిక రానివారు ముగ్గు వేయవచ్చు, పాత పాటలు పాడుకోవచ్చు. మంచం దిగలేనివారు కిటికీ దగ్గర చిన్న కుండీలో మెంతులు చల్లించుకోండి. కొద్ది రోజుల్లోనే మొలకలు కనిపిస్తాయి.

ఎలా మొదలుపెట్టాలి?

1. రోజుకు 10 నిమిషాలు చాలు. ఒకే వేళ పెట్టుకోండి.
2. బాగా వచ్చిందా లేదా అని చూసుకోవద్దు.
3. వీలైతే మనవరాలితోనో, పొరుగింటివారితోనో కలిసి చేయండి.
4. అరగంటకొకసారి ఆపి, మెడ, వేళ్ళు కదపండి. షుగరు ఉన్నవారు చెప్పులు లేకుండా మొక్కల మధ్యకు వెళ్ళవద్దు.

ఎప్పుడు డాక్టరుకు చెప్పాలి?

ఇష్టమైన పనిలో కూడా సంతోషం లేకుండా, నిద్ర, ఆకలి తప్పి, రెండు వారాలు గడిస్తే అది డిప్రెషన్ కావచ్చు. అది సోమరితనం కాదు, విశ్వాసం తక్కువై వచ్చినదీ కాదు. దానికి మందులు, చికిత్స ఉన్నాయి. సరదా పనులు మందులకు తోడు మాత్రమే. వాటిని నమ్మి మందులు ఆపవద్దు. బ్రతకడం ఎందుకు అనిపిస్తే ఒక్కరోజు కూడా ఆగకుండా ఇంట్లోవారికి, డాక్టరుకు చెప్పండి. టెలీ మానస్ 14416 నంబరుకు రాత్రీ పగలూ ఉచితంగా ఫోన్ చేయవచ్చు; తెలుగులోనే మాట్లాడవచ్చు.

కుటుంబ సభ్యులకు ఒక మనవి. చాలా రోజులకు అమ్మ సూది, దారం తెమ్మని అడిగితే, "ఈ వయసులో ఇవన్నీ ఎందుకమ్మా?" అనకండి. తెచ్చి ఇచ్చి, కాసేపు పక్కన కూర్చోండి.