మాట్లాడవలసి ఉన్నదని తెలిసినప్పుడు

ఇద్దరు అన్నదమ్ములు ప్రహరీగోడ విషయమై తగవుపడి మాట్లాడుకోవడం మానేశారనుకుందాం. పెద్దవాని మనసులో తన గొంతు ఒక్కటే వినిపిస్తుంటుంది. తాను చేసినదంతా న్యాయంగానూ, తమ్ముడు చేసినదంతా నేరంగానూ తోస్తుంది. అయితే ఎల్లుండి ఇద్దరూ ఎదురెదురుగా కూర్చోవలసి ఉన్నదని తెలియగానే, "నేనిలా అంటే వాడేమంటాడు?" అనే ప్రశ్న పుడుతుంది. ఆ ప్రశ్నతోనే తమ్ముని పక్షం కూడా అతని ఆలోచనలో చోటు చేసుకుంటుంది.

అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త ఫిలిప్ టెట్లాక్ 1983లో ప్రకటించిన పరిశోధన ఈ విషయాన్ని అర్థం చేసుకోవడానికి తోడ్పడుతుంది. అందులో పాల్గొన్నవారు వివాదాస్పదమైన సామాజిక సమస్యలపై తమ ఆలోచనలు రాశారు. తమ అభిప్రాయాన్ని మరొకరి ఎదుట సమర్థించుకోవలసి ఉంటుందని కొందరికి ముందే చెప్పారు. వినబోయేవాని అభిప్రాయం తెలియనివారు సమస్యను పలు కోణాలనుంచి పరిశీలించారు. అతడు ఎటు మొగ్గుతాడో తెలిసినవారు మాత్రం తమ అభిప్రాయాన్ని అటువైపే మార్చుకున్నారు. ఆ పరిశోధన కుటుంబ కలహాలపై జరిగినది కాదు. అయినా అందులోని పాఠం ఇంటికీ వర్తిస్తుంది. తనవైపు బంధువులతోనే చెప్పుకోబోయేవాడు వాదనకు పదును పెట్టుకుంటాడే గాని, తన తప్పును వెతుక్కోడు.

ఈ దృష్టితో చూస్తే కొన్ని ఇస్లామీయ ఆదేశాలలోని వివేకం మరింత స్పష్టమవుతుంది. తోటి ముస్లింతో మూడు రోజులకు మించి మాటలు మానుకోవడం ధర్మసమ్మతం కాదని, ముందుగా సలాం చేసేవాడే ఇద్దరిలో ఉత్తముడని దైవప్రవక్త (స) బోధించారు. కోపం మానవ సహజం గనుకనే ఆ మూడు రోజుల సడలింపు ఉన్నదని ఇమామ్ నవవీ వివరించారు. కోపానికి చోటిచ్చిన ఆ గడువే, నాలుగవ రోజున పలకరించక తప్పదన్న ఎరుకను మొదటి రోజునే కలిగిస్తుంది.

ఆలుమగల మధ్య చీలిక వస్తుందని భయపడినప్పుడు అతని కుటుంబం నుంచి ఒకరిని, ఆమె కుటుంబం నుంచి ఒకరిని మధ్యవర్తులుగా నియమించాలని సూరా అన్నిసా 35వ ఆయత్ ఆదేశిస్తున్నది. కనుక ఎవరూ తమవారి ఎదుట మాత్రమే చెప్పుకొని తప్పించుకోలేరు. హజ్రత్ అలీ (ర)ను యమన్‌కు న్యాయాధికారిగా పంపినప్పుడు కూడా, రెండవ పక్షం మాట వినకుండా తీర్పు చెప్పవద్దని దైవప్రవక్త (స) ఉపదేశించారు.

దౌర్జన్యం జరిగే చోట పీడితుల రక్షణే ముందు. సంభాషణ ఆ తరువాతి మాట. కాని మన ఇళ్ళలో ఏళ్ళ తరబడి సాగే మౌనాలు అనేకం అటువంటివి కావు. వాటిలో చిక్కుకున్నవారు మాట్లాడే రోజును ముందు నిర్ణయించుకోవాలి. ఆనాటిదాకా అవతలివాని మాటను, అతడే విని "అవును, నేననేది ఇదే" అని ఒప్పుకునే రీతిలో మనసులో చెప్పి చూసుకోవాలి.