పాలేటికి ఇవతల ఒక నాటకం, దాని వెనక దర్శకుడు

తెలుగు నాటకరంగానికి దర్శకుడు ఆలస్యంగా వచ్చాడు. పద్యనాటకం వెలిగిన రోజుల్లో ఆ పేరుతో పనిచేసేవారు అరుదు. కాంట్రాక్టరు పేరున్న నటులను తలా ఒక ఊరి నుంచి పిలిపించేవాడు. కృష్ణుడు, అర్జునుడు ఆట వేళకు దిగి, మేకప్ వేసుకుని, ఒకరినొకరు రంగం మీదే కలుసుకునేవారు. పద్యాలు అందరికీ కంఠతా వచ్చు కనక రిహార్సల్స్ అవసరం పడేది కాదు. హార్మోనిస్టు శ్రుతి అందిస్తే ఆట నడిచిపోయేది. ‘వన్స్ మోర్’ అని కేక పడితే కథ అక్కడే ఆగి రాగం మళ్లీ మొదలయ్యేది. ఆ గానం నిజంగా గొప్పది, దానికోసం జనం తెల్లవార్లూ మేలుకునేవారు. అయితే నాటకం మొత్తంగా ఏం చెబుతోందో చూసుకునే మనిషి అందులో లేడు.

1929లో తెనాలిలో పుట్టిన ఆంధ్ర నాటక కళాపరిషత్తు, దాని పోటీలు ఈ పద్ధతిని కొంత మార్చాయి. దర్శకుడి పని పల్లెల దాకా వెళ్లింది మాత్రం 1943లో ఏర్పడిన, కమ్యూనిస్టు ఉద్యమంతో ముడిపడిన ప్రజానాట్యమండలితోనే. దానికి వెన్నెముకగా నిలిచినవారిలో ముఖ్యుడు డాక్టర్ గరికపాటి రాజారావు. 1915లో పుట్టిన ఆయన చదివింది వైద్యం, బతికింది నాటకంతో.

సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు కలిసి రాసిన ‘ముందడుగు’ జమీందారీ మీద తిరుగుబాటు. ఆ జంటే తర్వాత తెలంగాణ రైతు పోరాటం మీద ‘మా భూమి’ రాసింది. భూమి కోసం నిలబడి 1940లో హత్యకు గురైన రైతు షేక్ బందగీ కథ దానికి ప్రేరణ. కృష్ణా జిల్లా మెట్టలో ఈ నాటకానికి ఉన్న బలం వేరు. గరికపాడు దగ్గర పాలేరు నది దాటితే అప్పట్లో నిజాం రాజ్యమే. నందిగామ తాలూకాలో భాగమైన మునగాల పరగణాకు నాలుగు వైపులా నిజాం నేల ఉండేది, అక్కడి రైతులు కూడా జమీందారుతో తలపడ్డారు. నిజాం పక్షాన నిలిచిన రజాకార్ల దాడులకు తట్టుకోలేక సరిహద్దు దాటినవారు కృష్ణా జిల్లాలోనే తలదాచుకున్నారు. దొర, వెట్టి, గడీ అనే మాటలు ఇక్కడి ప్రేక్షకులకు ఏటి అవతలి చుట్టాల నోట విన్నవే. అలాంటి జనం ముందు అబద్ధపు నటన ఒక్క క్షణం కూడా నిలవదు.

కాబట్టి దర్శకుడి పని నటుల ఎంపిక దగ్గరే మొదలవుతుంది. మండలి నాటక దళాల్లో చేరినవారిలో చాలామంది రైతు కుటుంబాల యువకులు. రాగం తీయడం రాకపోయినా నాగలి పట్టడం తెలిసినవారు. వారికి ముందు నాటకమంతా చదివి వినిపించాలి. ఏ పాత్ర ఎవరికి భయపడుతోంది, ఎప్పుడు ఆ భయం విడిచిపెడుతోంది అన్నది అందరికీ తెలియాలి. ఆ తర్వాతే మాటలు, కదలికలు. దొర ముందు నిలబడే వెట్టివాడు తల ఎంత వంచాలి, తువ్వాలు భుజం మీద ఉండాలా, చంకలోకి రావాలా అన్నది దర్శకుడే తేల్చాలి. ఆ తువ్వాలు తిరిగి భుజం మీదికి వెళ్లే చోటే కథ మలుపు తిరుగుతుంది. ఆ ఒక్క కదలిక ముందే జరిగిపోతే తర్వాతి రంగానికి పట్టు ఉండదు.

ఊళ్లో వేదిక మరో సమస్య. నాలుగు బల్లలు, ఒక తెర, రెండు పెట్రోమాక్స్ దీపాలు ఉంటే ఆట ఆడొచ్చు. దీపం పక్క నుంచి పడితే ముఖంలో సగం చీకట్లో ఉంటుంది. అందుకని ముఖ్యమైన మాట చెప్పే నటుణ్ణి రెండు దీపాల నడుమకు తీసుకురావాలి. మైకు లేని చోట చివరి వరసలో కూర్చున్న ముసలమ్మకు కూడా మాట అందాలి, అలాగని అరిచినట్టు ఉండకూడదు. పక్క ఊరికి వెళితే బల్లలూ మారతాయి, కొలతలూ మారతాయి. నటుల కదలికలు ఆ రోజు సాయంత్రమే మళ్లీ సరిచూసుకోవాలి. పట్నం థియేటర్లో కుదురుగా పనిచేసే దర్శకుడికి ఈ బాధ్యత ఉండదు. ఇక్కడి దర్శకుడి నేర్పు తక్కువేమీ కాదు, గుర్తింపే తక్కువ.

‘మా భూమి’ మీద మద్రాసు ప్రభుత్వం నిషేధం విధించింది. కమ్యూనిస్టులపై నిర్బంధం పెరిగి దళాలు చెదిరిపోయాయి. వేదిక పోయిన కళాకారుల్లో పలువురు మద్రాసు దారి పట్టారు. రాజారావు 1953లో ‘పుట్టిల్లు’ తీసి, తానే నాయకుడిగా నటించారు. జమున, అల్లు రామలింగయ్య వెండితెరకు వచ్చింది ఆ సినిమాతోనే. ఆర్థికంగా అది నిలబడలేదు. నాటకం మీద చూపిన పట్టును సినిమాలో చూపే అవకాశం ఆయనకు మళ్లీ పెద్దగా దొరకలేదు. 1963లో కన్నుమూశారు.

మండలి నేర్పిన క్రమశిక్షణ మాత్రం మిగతావారి వెంట నడిచింది. తాతినేని ప్రకాశరావు 1952లో ‘పల్లెటూరు’తో దర్శకుడయ్యారు. కె.బి. తిలక్ 1950ల్లో ‘ముద్దుబిడ్డ’, ‘ఎం.ఎల్.ఏ.’ తీశారు. కృష్ణా జిల్లా జుజ్జువరంలో పుట్టిన వి. మధుసూదనరావు 1962లో ‘రక్తసంబంధం’ తీశారు. ఆయన తర్వాత మధు ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ పెట్టి కొత్తవారికి నటన నేర్పారు.