వస్తువుల ఆయుర్దాయమును నిర్ణయించునది ఎవరు?

ప్రతి ప్రాణికిని ఒక ఆయుఃప్రమాణ మున్నట్లే మనము వాడు ప్రతి వస్తువునకును ఒక ఆయుఃప్రమాణ మున్నది. ప్రాణుల ఆయువును ప్రకృతి నిర్ణయించును. వస్తువుల ఆయువును నిర్ణయించునది చాలవరకు మానవుడే. రాతి రోలు తరతరములు నిలుచును. చేతిలోని సెల్‌ఫోను కొలది ఏండ్లకే పాతబడుచున్నది. ఈ భేదమునకు పదార్థముల గుణము కొంత కారణము. చేయువారి, కొనువారి ఉద్దేశములు కొంత కారణము. ఈ రెండింటిని వేరుచేసి చూచుటకు విద్యుద్దీపపు చరిత్ర మిక్కిలి అనుకూలమైన ఉదాహరణము.

తంతువు ఏల తెగును?

పాతకాలపు బల్బులో టంగ్‌స్టన్ లోహముతో చేసిన సన్నని తీగచుట్ట యుండును. దీనినే తంతువందురు. విద్యుత్తు ప్రవహించినప్పుడు ఇది సుమారు 2,500 డిగ్రీల సెంటీగ్రేడు వరకు వేడెక్కి వెలుగు నిచ్చును. టంగ్‌స్టన్ 3,400 డిగ్రీలు దాటినగాని కరగదు. అయినను ఆ వేడిమిలో దాని ఉపరితలమునుండి పరమాణువులు కొద్దికొద్దిగా ఆవిరియై పోవుచుండును. బాగుగా వాడిన బల్బు గాజు లోపల నల్లబడుటకు ఈ ఆవిరియే కారణము. కాలక్రమమున తంతువు ఒకచోట తక్కిన భాగముకంటె ఎక్కువ సన్నబడును. సన్నబడినచోట నిరోధము హెచ్చును. అందువలన వేడి హెచ్చును. వేడి హెచ్చినకొలది లోహము మరింత ఆవిరి యగును. తుదకు తంతువు అచ్చటనే తెగిపోవును.

అట్లయిన వేడిని తగ్గించినచో బల్బు చిరకాలము నిలువదా? నిలుచును. వోల్టేజిని నూటికి 5 పాళ్లు తగ్గించినచో ఆయువు దాదాపు రెట్టింపగును. కాని వెలుగు నూటికి 15 పాళ్లకు పైగా తగ్గును. విద్యుత్తు ఖర్చు మాత్రము అంతగా తగ్గదు. అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రమునందలి లివర్‌మోర్ పట్టణమున, అగ్నిమాపక కేంద్రములో 1901లో వెలిగించిన బల్బు ఒకటి నూరేండ్లు దాటియు వెలిగి ప్రసిద్ధి కెక్కినది. అయితే దాని వెలుగు 4 వాట్ల పడకగది దీపమువంటిది. దాని క్రింద కూర్చుండి పుస్తకము చదువుట కష్టము. కావున దీర్ఘాయువు ఒక్కటే సుగుణము కాదని గ్రహింపవలెను.

జెనీవా ఒప్పందము

1924 డిసెంబరులో స్విట్జర్లండులోని జెనీవా నగరమున బల్బుల తయారీదారులు కొందరు సమావేశమై ఒక వ్యాపార కూటమిగా ఏర్పడిరి. దీనికి ఫీబస్ అని పేరు. జర్మనీకి చెందిన ఓస్రామ్, హాలెండుకు చెందిన ఫిలిప్స్, అమెరికాలోని జనరల్ ఎలక్ట్రిక్‌తో సంబంధముగల విదేశీ సంస్థలు ఇందు ముఖ్యమైనవి. ఆనాటికి 1,500 మొదలు 2,000 గంటలవరకు వెలుగు బల్బులు మార్కెట్టులో లభించుచుండెను. ఆయువు 1,000 గంటలుగా ఉండవలెనని కూటమి నిర్ణయించెను. సభ్యులు తమ బల్బుల నమూనాలను స్విట్జర్లండులోని ప్రయోగశాలకు పంపవలసియుండెను. నిర్ణీత కాలముకంటె మిక్కిలి ఎక్కువగా వెలిగిన బల్బులను చేసినవారిపై జరిమానా విధించుచుండిరి. రెండవ ప్రపంచయుద్ధము వచ్చుటతో ఈ కూటమి విచ్ఛిన్నమయ్యెను.

వారి పక్షమున చెప్పదగిన మాట ఒకటి కలదు. 60 వాట్ల బల్బు 1,000 గంటలు వెలిగినచో 60 యూనిట్ల విద్యుత్తు ఖర్చగును. ఈ విద్యుత్తు వెల బల్బు వెలకంటె ఎన్నో రెట్లు అధికము. కావున ఆయువు కొంత తగ్గినను, అదే విద్యుత్తుతో ఎక్కువ వెలుగు నిచ్చు బల్బు లాభకరము కావచ్చును. ఈ వాదము భౌతికశాస్త్రరీత్యా సరియైనదే. కాని ఉద్దేశము ఇది యొక్కటే అయినచో రెండు రకముల బల్బులను అంగడిలో ఉంచి, వాటి ఆయువును, వెలుగును డబ్బాపై ముద్రించి, ఎన్నుకొను పని కొనువారికి విడువవచ్చును. జరిమానాతో పనిలేదు. పదార్థముల ధర్మములు హద్దులను మాత్రమే ఏర్పరచినవి. ఆ హద్దులలో ఎచ్చట నిలువవలెనో నిర్ణయించినది వ్యాపారము. కొనువారికి ఆ సంగతియే తెలియదు.

మనస్సులో పాతబడుట

వస్తువు చెడకుండగనే దానిని పాతబరచు మార్గము మరియొకటి కలదు. 1920లలో ఆల్‌ఫ్రెడ్ స్లోన్ నాయకత్వమున జనరల్ మోటార్స్ సంస్థ ఏటేట కార్ల రూపమును మార్చు పద్ధతిని అవలంబించెను. క్రొత్త నమూనా వీధిలోనికి వచ్చినంతనే, చక్కగా నడచుచున్న నిరుటి కారు యజమాని కంటికి వెలవెలబోవును. ఇక్కడ అరిగినది యంత్రము కాదు, యజమాని తృప్తి.

వస్తువులు అవసరమునకే గాక హోదాను చాటుటకును ఉపయోగపడునని థార్‌స్టీన్ వెబ్లెన్ అను ఆర్థికశాస్త్రజ్ఞుడు 1899లోనే వివరించెను. 1974లో రిచర్డ్ ఈస్టర్లిన్ అను మరియొక ఆర్థికవేత్త ఒక విచిత్రమును ఎత్తి చూపెను. ఒకే దేశములో, ఒకే కాలమున, ధనికులు పేదలకంటె తాము సుఖముగా నున్నామని చెప్పుదురు. కాని దేశపు ఆదాయమంతయు ఏండ్ల తరబడి పెరిగినను ప్రజల సంతృప్తి ఆ ప్రకారము పెరుగుట కనబడలేదు. దీనిపై పండితులలో నేటికిని వాదోపవాదములున్నవి. అయినను ఒక సంగతి తేలికగా గ్రహింపవచ్చును. వీధిలో ఒకరు క్రొత్త వస్తువు కొన్న వారి హోదా హెచ్చినట్లగును. అందరును కొన్న ఎవరి హోదాయు హెచ్చదు. చెత్తకుప్ప మాత్రము హెచ్చును. లేమిలో ఉన్నవారికి క్రొత్త వస్తువు నిజమైన సుఖమును కలిగించుననుటలో సందేహము లేదు. పొలమునకు పంపుసెట్టు, ఇంటికి వంటగ్యాసు ఇట్టివి. పోటీకై కొన్న వస్తువు నిచ్చు సుఖము మాత్రము అలవాటు పడినంతనే తరిగిపోవును.

భారము తయారీలోనా, వాడుకలోనా?

అయినచో ప్రతి వస్తువును వీలైనంత కాలము వాడుటయే మంచిదా? దీనికి సమాధానము వస్తువునుబట్టి యుండును. ప్రకృతిపై దాని భారము తయారీలో ఎక్కువగా పడుచున్నదా, వాడుకలోనా అని ముందుగా విచారింపవలెను.

తంతువు బల్బు భారమంతయు దాదాపు వాడుకలోనిదే. 9 వాట్ల ఎల్.ఇ.డి. దీపము 60 వాట్ల బల్బుకు సమానమైన వెలుగు నిచ్చుచున్నది గనుక పాతదానిని తీసివేయుటయే లాభము. సెల్‌ఫోను సంగతి వేరు. దాని జీవితకాలమున వెలువడు కార్బన్ డయాక్సైడులో అధికభాగము తయారీలోనే వెలువడును. రాగి, బంగారము, కోబాల్టులకై గనులు త్రవ్వుట, వాటిని శుద్ధిచేయుట, సూక్ష్మమైన చిప్పులను చేయుట ఇందుకు కారణములు. ఫోనును రెండేండ్లకు బదులు నాలుగేండ్లు వాడినచో తయారీ భారము ఏడాదికి సగమగును. వస్త్రములును ఇట్టివే. ఒక నూలు చొక్కాకు కావలసిన ప్రత్తిని పండించి బట్టగా చేయుటకు సుమారు 2,700 లీటర్ల నీరు పట్టునని అంచనా. రెండుసార్లు తొడిగి పారవేసిన చొక్కాకును, వంద ఉతుకులు ఓర్చిన చొక్కాకును అయిన నీరు ఒక్కటే.

2022లో ప్రపంచమంతట 6 కోట్ల 20 లక్షల టన్నుల ఎలక్ట్రానిక్ వ్యర్థములు పోగుపడినవి. అందులో సక్రమముగా సేకరింపబడి పునర్వినియోగమునకు చేరినట్లు లెక్కకు వచ్చినది పావువంతు కూడ లేదు. తక్కిన వాటిలోని సీసము, పాదరసము వంటి విషపదార్థములు నేలను, నీటిని, వాటిని చేతులతో విడదీయు కూలీల శరీరములను చేరు ప్రమాదమున్నది.

మరల అదే ప్రశ్న

ఎల్.ఇ.డి. దీపములో వెలుగునిచ్చు భాగము పదివేల గంటలకు పైగా పనిచేయగలదు. కాని దానికి విద్యుత్తును అందించు చిన్న పరికరములోని కెపాసిటరు వేడికి ఎండిపోవును. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగినప్పుడెల్ల దాని ఆయువు ఇంచుమించు సగమగును. దీపమును విప్పుటకు వీలులేకుండ మూసివేసినందున ఈ చిన్న భాగము చెడగనే మొత్తము దీపమును పారవేయుచున్నాము. జెనీవాలో తలెత్తిన ప్రశ్న మరల మన ముందు నిలిచినది.

దీనికి సమాధానములు వెదకుట ఆరంభమైనది. ఫ్రాన్సు దేశమున 2021 జనవరినుండి సెల్‌ఫోనులు, టెలివిజన్లు మున్నగు కొన్ని వస్తువులపై, వాటిని మరమ్మతు చేయుట ఎంత సులభమో తెలుపు మార్కును 10కి ప్రకటింపవలెనని చట్టము చేసిరి. మన దేశమున 2022 డిసెంబరులో కేంద్రప్రభుత్వము మరమ్మతు హక్కుకై ఒక సమాచార కేంద్రమును అంతర్జాలమున నెలకొల్పినది. మన రిఫ్రిజిరేటర్లపై నక్షత్రముల చీటీ వాడుక భారమును తెలుపుచున్నది. ఆయువును, మరమ్మతు వీలును తెలుపు చీటీయు దాని ప్రక్కన చేరవలసియున్నది.

విద్యార్థులు తమ ఇండ్లలో ఇటీవల మూలపడిన అయిదు వస్తువులను తీసికొని, అవి ఎన్నేండ్లు పనిచేసినవో, చెడినది ఏ భాగమో, ఆ భాగము దొరకునో లేదో, వస్తువు చెడినదా లేక మనకు మొగము మొత్తినదా అని పట్టిక వ్రాయవలెను. ఉపాధ్యాయులు తరగతిలోని పట్టికలన్నింటిని కలిపి చూచినచో, మన ఊరిలో వస్తువుల ఆయువును ఎంతవరకు పదార్థము, ఎంతవరకు వ్యాపారము, ఎంతవరకు మన మనస్సు నిర్ణయించుచున్నవో తెలియగలదు.