గిటారు సాధన – రెండు చేతుల కలయిక

గిటారు చేతికి రాగానే మనలో చాలామందికి వెంటనే పాట వాయించాలనిపిస్తుంది. రెండు రోజులు ప్రయత్నించి, పాట పలకక, వేళ్లు నొప్పిపుట్టి "ఇది మనలాంటి వాళ్లకు వచ్చే విద్య కాదు" అని పక్కన పెట్టేస్తాం. నిజానికి ఎడమచేతి వేలు తీగను నొక్కే క్షణం, కుడిచేయి మీటే క్షణం ఒకటి కాకపోవడమే అసలు సమస్య. ఆ కలయిక పుట్టుకతోనో, డబ్బుతోనో వచ్చేది కాదు. సాధనతో వచ్చేది. అందుకు ఉపయోగపడే మూడు అభ్యాసాలను మిత్రులకు వివరిస్తున్నాం.

మొదటిది కుడిచేతికి. పిక్‌ను బొటనవేలు, చూపుడువేలు మధ్య మొన కొద్దిగానే కనిపించేలా పట్టుకోవాలి. పిక్ లేకపోతే పనికిరాని ఏటీఎం కార్డును ఆ ఆకారంలో కత్తిరించి, అంచులు నున్నగా అరగదీస్తే సరిపోతుంది. ఒకే తీగను ఒకసారి కిందికి, ఒకసారి పైకి మీటాలి. గోడ గడియారం టిక్కుకు ఒక్కసారి, అంటే నిమిషానికి 60 సార్లు. పైకి, కిందికి శబ్దం ఒకేలా వినిపించాక టిక్కుకు రెండు, ఆ తర్వాత నాలుగు.

రెండవది రెండు చేతులకు. ఎడమచేతి చూపుడువేలు 1వ మెట్టుకు, మధ్యవేలు 2కు, ఉంగరపువేలు 3కు, చిటికెనవేలు 4కు. లావుగా ఉండే 6వ తీగ నుంచి సన్నని 1వ తీగ వరకు 1-2-3-4 వాయిస్తూ వెళ్లి, 4-3-2-1గా తిరిగి రావాలి. పోను 24, రాను 24 స్వరాలు. లోహపు మెట్టుకు కాస్త వెనుకగా నొక్కితే తక్కువ బలంతోనే స్పష్టంగా పలుకుతుంది. చిన్న చేతుల వారు 5వ మెట్టు నుంచి మొదలుపెట్టవచ్చు. అక్కడ మెట్ల మధ్య దూరం తక్కువ.

మూడవది పిక్ లేకుండా. 6, 5, 4 తీగలకు బొటనవేలు, 3కు చూపుడువేలు, 2కు మధ్యవేలు, 1కి ఉంగరపువేలు. ఇటలీ విద్వాంసుడు మౌరో జులియాని 1812లో వియన్నాలో ప్రచురించిన తన గ్రంథంలో కుడిచేతికి 120 అభ్యాసాలిచ్చాడు. వాటన్నిటిలో ఎడమచేతికి సి, జి7 అనే రెండు స్వరసమూహాలే. ఎడమచేతికి పని తగ్గితే మనసంతా కుడిచేతి మీదే నిలుస్తుందన్నమాట.

తప్పు దొర్లిన చోట వేగం తగ్గించాలి. వేలి కొనల నొప్పి కొన్ని వారాల్లో తగ్గిపోతుంది. మణికట్టు నొప్పిపెడితే మాత్రం వెంటనే ఆపాలి.

హాస్టల్లో గిటారు ఒక్కటే, నేర్చుకునేవారు చాలామంది. తలా పది నిమిషాలే దొరుకుతాయి. వంతు వచ్చేదాకా బల్లపై నాలుగు వేళ్లను వరుసగా ఆడించినా సాధనే. ఇళ్లలో వాడని గిటారు గానీ, తీగల సెట్టు గానీ ఉంటే తమ్ముళ్లకు అందించవలసిందిగా పూర్వ విద్యార్థులైన అన్నలను కోరుతున్నాం. అభ్యాసం కూసువిద్య అన్నారు పెద్దలు. రోజూ ఆ పది నిమిషాలు వదలకుండా కూర్చుంటే, పాట దానంతటదే వేళ్లలోకి వస్తుంది.