మార్చి తొందర – ఇంటి పద్దు

న్యూఢిల్లీ: ఏటా మార్చి నెల రాగానే రాజధానిలోని మంత్రిత్వ శాఖలలో ఎక్కడలేని చురుకుదనం కనిపిస్తుంది. అంతవరకు కదలని ఫైళ్లు పరుగులు తీస్తాయి. ఖర్చు కాని సొమ్ము 31వ తేదీతో మురిగిపోతుందన్న భయమే ఇందుకు కారణం. ఈ జాడ్యాన్ని అరికట్టడానికే ఆర్థిక మంత్రిత్వ శాఖ ఒక పరిమితి విధించింది. బడ్జెట్ కేటాయింపులో చివరి మూడు నెలల ఖర్చు 33 శాతాన్ని, ఒక్క మార్చి ఖర్చు 15 శాతాన్ని మించరాదన్నది ఆ నియమం.

ప్రభుత్వాన్ని చూచి నవ్వుకొనే మధ్యతరగతి గృహస్థు చేస్తున్నదేమిటి? జనవరి దాకా పద్దు ముట్టడు. పొదుపు రుజువులు చూపుమని ఆఫీసు నుంచి తాఖీదు రాగానే ఏజెంటు చూపిన చోట సంతకం పెడతాడు. ఆ బీమా పాలసీ తన కుటుంబానికి తగినదా, ఏటేటా ప్రీమియం కట్టగలనా అని ఆలోచించే తీరిక అతనికి ఉండదు.

ఆ తొందరైనా ఇంతకాలం కొంత పొదుపు చేయించింది. 80-సి సెక్షన్ కింద లక్షన్నర మినహాయింపు కోసం జనం ప్రావిడెంట్ ఫండులోనో, పోస్టాఫీసులోనో దాచుకున్నారు. 2020 బడ్జెట్ తెచ్చిన కొత్త పన్ను విధానంలో ఆ మినహాయింపు లేదు. పాత విధానాన్ని కోరనివారికి ఇదే వర్తిస్తుందని 2023లో నిర్ణయించారు. 2025 బడ్జెట్ ఇందులో సాధారణంగా 12 లక్షల రూపాయల ఆదాయం వరకు పన్ను లేకుండా చేసింది. ఇది హర్షణీయమే. అయితే దాచుకొమ్మని తొందరపెట్టే చట్టం తప్పుకున్నది. ఖర్చు పెట్టుమని పిలిచే ప్రకటనలు మాత్రం పెరుగుతున్నవి.

కనుక క్రమశిక్షణ ఇంట్లోనే పుట్టాలి. జీతం అందిన రోజునే పొదుపు విడదీసి, మిగిలినదే ఖర్చుకు ఉంచుకోవాలి. బడి ఫీజు, బీమా, పండుగల వంటి ఏడాది భారాలను 12 చేత భాగించి నెలనెలా పక్కన పెట్టాలి. ముందస్తు పన్ను చెల్లించేవారికి చట్టమే నాలుగు గడువులు పెట్టింది: జూన్ 15 నాటికి 15 శాతం, సెప్టెంబరు 15కు 45, డిసెంబరు 15కు 75, మార్చి 15కు మొత్తం. పన్ను లేనివారికి సైతం ఇంటి లెక్కల తనిఖీకి ఆ తేదీలు అనువైనవే.

పద్దును ఇంటివారి వద్ద దాచడం మరొక ప్రమాదం. పదేళ్లు ఎవరూ అడగని డిపాజిట్లు రిజర్వు బ్యాంకు 2014లో నెలకొల్పిన నిధికి చేరుతున్నవి. వారసులు వాటిని తిరిగి కోరవచ్చు. కాని ఖాతా ఉన్నదని తెలిస్తే కదా కోరడం! 2025 నవంబరు 1 నుంచి బ్యాంకు డిపాజిట్లకు నలుగురి వరకు నామినీలుగా పేర్కొనవచ్చు. ఆ పేర్లు రాయించడం గృహస్థు కనీస ధర్మం.

ప్రభుత్వాలు లోటును అప్పులతో పూడ్చుకొని ఏళ్ల తరబడి నెట్టుకు రాగలవు. సామాన్యునికి ఆ వెసులుబాటు లేదు. కేంద్ర బడ్జెట్ ఏడాదికి ఒకసారి వస్తుంది. ఇంటి బడ్జెట్ ప్రతి నెల ఒకటవ తారీఖున రావాలి. ఆ చర్చలో ఇల్లాలికి సమాన ఓటు ఉండాలి.