గోదావరి కోకో రైతులకు: కోత తర్వాత రెండు వారాలు, ఈ-పంటలో ఒక్క వరుస



కోకో ధర ఎందుకు పడింది? మా గింజకు నాలుగు రూపాయలు ఎక్కువ రావాలంటే ఏం చెయ్యాలి? ప్రభుత్వ సాయం మా ఖాతాలో పడాలంటే ఏం కావాలి? ఎక్కువ మంది అడిగే ఈ మూడు ప్రశ్నలకు ఇక్కడ జవాబులు ఇస్తున్నాం. ఫోన్‌లో దాచుకోండి. చదవడం రానివాళ్లు పక్కన ఉంటే చదివి వినిపించండి.

మన దగ్గరే ఎందుకు బాగా పండుతోంది?

కోకో పుట్టిల్లు దక్షిణ అమెరికాలోని అమెజాన్ అడవి. పెద్ద చెట్ల నీడలో, గాలిలో తేమ ఉన్నచోట పెరిగే చెట్టు ఇది. మన డెల్టాలో ఆ నీడ కొబ్బరి ఇస్తుంది, మెట్టలో పామాయిల్ ఇస్తుంది. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక కాటన్ దొర కాలవల నీళ్లు డెల్టా అంతా పారాయి. మెట్టలో బోర్లు, డ్రిప్ ఉన్నాయి. అందుకే ఏలూరు, పశ్చిమ గోదావరి, తూర్పు గోదావరి, కోనసీమ జిల్లాల్లో కోకో అంతర పంటగా నిలబడింది. ఇవాళ దేశంలో కోకో దిగుబడిలో మన రాష్ట్రానిదే మొదటి స్థానం.

మన గింజ మేలిరకం చాక్లెట్‌కు పనికొస్తుందా అన్న అనుమానం అక్కర్లేదు. ఏలూరు జిల్లా తడికలపూడిలో పులియబెట్టిన గింజలతో హైదరాబాద్‌లో చాక్లెట్ చేస్తున్నారు. ఆ చాక్లెట్ కార్ఖానాకు 2024లో టైమ్ పత్రిక ప్రపంచ జాబితాలో చోటు దక్కింది.

ధర ఎందుకు పెరిగింది, ఎందుకు పడింది?

ప్రపంచంలో కోకో ఎక్కువగా పండేది ఐవరీ కోస్ట్, ఘనా దేశాల్లో. అక్కడ పంట దెబ్బతినడంతో 2024 డిసెంబరులో అంతర్జాతీయ ధర టన్నుకు 12,000 డాలర్లు దాటింది. 2024 వేసవిలోనే మన దగ్గర కిలో ఎండు గింజలు వెయ్యి రూపాయల దగ్గరకు వెళ్లాయి. 2025లో అక్కడి ధర దిగింది, ఇక్కడ కొనుగోళ్లు మందగించాయి, రైతులు ఆందోళనకు దిగారు. అప్పుడు కంపెనీలు రూ.450, ప్రభుత్వం రూ.50 కలిపి కిలోకు రూ.500 అందేలా రాష్ట్ర ప్రభుత్వం నిర్ణయం తీసుకుంది.

ప్రపంచ ధర మన చేతిలో లేదు. మన చేతిలో ఉన్నవి రెండు: గింజ నాణ్యత, పేరు నమోదు.

గింజ నాణ్యత: కోత తర్వాత రెండు వారాలు

కోకో గింజకు చాక్లెట్ రుచి చెట్టు మీద రాదు. పులియబెట్టినప్పుడు మొదలవుతుంది. గుజ్జులోని చక్కెర ముందు సారాగా, తర్వాత పులుపుగా మారుతుంది. కుప్ప లోపల వేడి 45 నుంచి 50 డిగ్రీలకు చేరుతుంది. ఆ వేడికి, పులుపుకి గింజలోని మొలక చచ్చిపోయి చేదు, వగరు తగ్గుతాయి. ఇది జరగని గింజను ఎంత వేయించినా చాక్లెట్ వాసన రాదు.

• బాగా పండిన కాయలే కొయ్యండి. పచ్చ కాయ పసుపు రంగుకు, ఎర్ర కాయ నారింజ రంగుకు తిరగాలి. పది, పదిహేను రోజులకోసారి కోత పెట్టుకోండి. కుళ్లినవి, ఎలుకలు, ఉడతలు కొరికినవి వేరు చెయ్యండి.
• కాయను కత్తితో నరకొద్దు, గింజ తెగుతుంది. కర్రతో కొట్టి పగలగొట్టండి. మధ్యలోని ఈనె తీసెయ్యండి. గింజల్ని కడగొద్దు.
• అడుగున చిల్లులున్న చెక్క పెట్టెలో గానీ వెదురు బుట్టలో గానీ పోసి, అరటి ఆకులు, గోనె సంచులు కప్పండి. ఆరు రోజులు ఉంచండి. మూడో రోజు, అయిదో రోజు కిందిది పైకి, పైది కిందికి తిరగెయ్యండి.
• తర్వాత పల్చగా పరిచి, అప్పుడప్పుడు కలుపుతూ ఎండబెట్టండి. తారు రోడ్డు మీద, పొగ దగ్గర వద్దు. గింజ వాసనలు తొందరగా పీల్చుకుంటుంది.
• తేమ 7 శాతానికి దిగాలి. గుప్పెట్లో నొక్కితే గలగలమనాలి. తేమ 8 శాతం దాటితే బూజు పడుతుంది.

అమ్మే ముందు మీరే పరీక్ష చేసుకోవచ్చు. సంచిలో అక్కడక్కడ నుంచి వంద గింజలు తీసి నిలువుగా కొయ్యండి. లోపల గోధుమ రంగులో, పగుళ్లతో ఉంటే బాగా పులిసినట్టు. ఊదా రంగు ఉంటే సగమే పులిసినట్టు. పలక రంగు ఉంటే అసలు పులవనట్టు. అంతర్జాతీయ మొదటి గ్రేడుకు వంద గింజల్లో పలక రంగువి మూడు, బూజు పట్టినవి మూడు మించకూడదు. ఈ లెక్క మీ దగ్గర ఉంటే, "మీ సరుకు బాలేదు" అన్న మాటకు మీరూ జవాబు చెప్పగలరు.

పచ్చి గింజలే అమ్ముతారా? ఈ లెక్క చూసుకోండి. 100 కిలోల పచ్చి గింజలు ఎండితే సుమారు 36 కిలోలు వస్తాయి. ఉదాహరణకు ఎండు గింజ రూ.500 ఉంటే మొత్తం రూ.18,000. అంటే పచ్చి గింజ కిలో రూ.180తో సమానం. ఎండబెట్టే కూలి, శ్రమ అందులోంచి తీసేసి, ఏది లాభమో తేల్చుకోండి.

పేరు నమోదు: ఈ-పంటలో కోకో ఉందా?

ఇక్కడే చాలామంది నష్టపోయే అవకాశం ఉంది. కోకో అంతర పంట. ఈ-పంటలో కొబ్బరి లేదా పామాయిల్ ఒక్కటే రాసి వదిలేస్తే, మీ తోటలో కోకో ఉన్నట్టు రికార్డు ఉండదు. రేపు ఏ సాయం ప్రకటించినా అధికారులు ముందు చూసేది ఆ రికార్డే.

• రైతు సేవా కేంద్రంలో ఉద్యాన సహాయకులను కలిసి, ప్రధాన పంటతో పాటు కోకో కూడా రాయించండి.
• ఈ-కేవైసీ మీరే స్వయంగా పూర్తి చెయ్యండి.
• కేంద్రంలో జాబితా పెట్టినప్పుడు పేరు, సర్వే నంబరు, విస్తీర్ణం సరిచూసుకోండి. తప్పుంటే అప్పుడే అభ్యంతరం రాసివ్వండి.
• బ్యాంకు ఖాతాకు ఆధార్ అనుసంధానం అయ్యిందో లేదో బ్యాంకులో అడగండి.
• కౌలు రైతులు సాగుదారు హక్కు పత్రం తీసుకోండి. అది లేకుండా సాగు మీదే అని చూపించడం కష్టం.
• గింజలు అమ్మిన ప్రతిసారీ తేదీ, బరువు, ధర ఉన్న రశీదు అడిగి తీసుకోండి.

కొత్తగా కోకో వెయ్యాలనుకునేవాళ్లు మొక్కలు కొనకముందే ఉద్యాన శాఖకు దరఖాస్తు చెయ్యండి. రాయితీ విడతలుగా వస్తుంది. తర్వాతి విడతకు తోటలో మొక్కలు బతికి ఉండాలి. ఈ ఏడాది ఎంత ఇస్తున్నారో రైతు సేవా కేంద్రంలో అడిగి తెలుసుకోండి. డ్రిప్ రాయితీ గురించి కూడా అక్కడే అడగండి.

ఈ నమోదులకు దళారుల అవసరం లేదు. "సాయం ఇప్పిస్తాం" అంటూ ఫోన్ చేసి ఓటీపీ అడిగితే చెప్పొద్దు.

ఈ వారమే చెయ్యాల్సింది ఒక్కటే: రైతు సేవా కేంద్రానికి వెళ్లి, ఈ-పంటలో మీ పేరు ఎదురుగా "కోకో" అని ఉందో లేదో చూసుకోండి. ఈ సమాచారాన్ని మీ ఊరి కోకో రైతులందరికీ పంపండి.